నీళ్ళు అద్దంలా ఉన్నాయి, క్లోరిన్ మాత్రం సున్నా

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది మధురవాడ వైపు ఒక అపార్ట్‌మెంట్ అండి. నేను రిటైరై ఆరేళ్ళయింది, సర్వీసంతా ఒక ఫ్యాక్టరీ వాటర్ ల్యాబ్‌లోనే గడిచిపోయింది, బాయిలర్ నీళ్ళు, కూలింగ్ టవర్ నీళ్ళు, క్యాంటీన్‌లో తాగే నీళ్ళు ఇవే నా లోకం, అందుకే ఎక్కడ నీళ్ళు కనిపించినా చెయ్యి ఊరుకోదు, మా ఆవిడ దీన్ని రోగం అంటుంది. ఈ మధ్య మన వైజాగ్‌లో రుషికొండ, భీమిలి రోడ్డు రిసార్టుల్లోనే కాకుండా క్లబ్‌హౌస్ ఉన్న అపార్ట్‌మెంట్లలో కూడా జకూజీలు, హాట్ టబ్బులు, అంటే జెట్లతో చిమ్మే వేడినీళ్ళ తొట్లు కనిపిస్తున్నాయి (జకూజీ అనేది నిజానికి అమెరికా వెళ్ళి స్థిరపడిన ఒక ఇటలీ కుటుంబం ఇంటిపేరు, మన జిరాక్స్ లాగ అది వస్తువు పేరైపోయింది). వాటి వెనకాలే నీళ్ళల్లో జిడ్డు తీసే ఎంజైమ్ సీసాలు కూడా వచ్చాయి. నేను ఎంజైమ్‌కి వ్యతిరేకిని కాదు, ముందే చెప్పేస్తున్నా, మా టబ్బులో ఇప్పటికీ పోస్తున్నాం. కానీ అమ్మేటప్పుడు ఒక మాట కలుపుతున్నారు చూడండి, "ఇది పోస్తే ఇంక క్లోరిన్ అక్కర్లేదు సార్" అని, ఆ ఒక్క మాట గురించే ఈ ఉత్తరం.

జరిగింది చెప్తాను. మొన్న సంక్రాంతికి మా బ్లాకులో అందరి ఇళ్ళకీ పిల్లలు వచ్చారు, హైదరాబాద్ వాళ్ళు, బెంగళూరు వాళ్ళు. భోగి పొద్దున నూనె రాసి నలుగు పెట్టి తలంట్లు పోయడం, సాయంత్రం తలకి మళ్ళీ కొబ్బరినూనె పట్టించి ఈ మూకంతా క్లబ్‌హౌస్ టబ్బులో దిగడం. అది 1500 లీటర్ల టబ్బు, నలుగురు కూర్చోడానికి చేసింది, ఆ సాయంత్రం ఎంతమంది దిగారో దేవుడికే తెలియాలి. మర్నాడు పొద్దున వాకింగ్ నుంచి వస్తూ చూశాను కదా, నీటిమట్టం దగ్గర చుట్టూరా బూడిదరంగు గీత, వేలితో రాస్తే జిడ్డు, అప్పడాలు వేయించిన మూకుడు చల్లారాక అంచుకి ఎలా పట్టి ఉంటుందో అచ్చం అలాగే ఉంది, జెట్లు ఆన్ చేస్తే పైన జానెడు నురగ. కనుమ రోజుకి అసోసియేషన్ గ్రూపులో ఫోటోలు, ఫోటోల కింద తిట్లు.

సెక్రటరీ గారు పాపం మంచాయన, ఆయనకి ఎవరో చెప్తే ఒక డీలర్‌ని పిలిపించారు. డీలర్ వచ్చి నీలంగా ఉన్న సీసా ఒకటి టేబుల్ మీద పెట్టి, ఇది న్యాచురల్ అండి, కెమికల్ కాదండి, కళ్ళు మండవు, జుట్టు ఊడదు, పెద్ద పెద్ద హోటళ్ళన్నీ ఇదే వాడుతున్నాయి, క్లోరిన్ అనే మాటే మర్చిపోవచ్చు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మన ఊళ్ళో ఈ మాట ఎందుకు అంత తేలిగ్గా చెల్లుతుందో నాకు తెలుసండి, 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైన దగ్గర్నుంచి కెమికల్ అన్న మాట వింటేనే వైజాగ్ వాళ్ళకి గుండె ఝల్లుమంటుంది, అందులో తప్పేం లేదు. కెమికల్ కాదు అని ఎవడైనా అంటే ఆ సీసాలో ఏముందో అడక్కుండానే సంతకం పెట్టేస్తాం.

సీసా పని చేసిందా అంటే చేసింది. వారం తిరిగేసరికి గీత పోయింది, నురగ తగ్గింది, నీళ్ళు మిలమిలా మెరుస్తున్నాయి. నేనూ సంతోషించాను. పూల్ చూసే కుర్రాడికి హైపో, అంటే క్లోరిన్ ద్రావణం, పొయ్యడం ఆపెయ్యమని చెప్పారన్న సంగతి మాత్రం నాకు తెలీదు.

రిపబ్లిక్ డే సెలవుకి మనవరాలు మళ్ళీ వచ్చింది, మళ్ళీ టబ్బు. రెండో రోజు రాత్రి "తాతా దురద" అని ఏడుపు. చూస్తే నడుం మీద, పిరుదుల మీద, పొట్ట మీద ఎర్రటి పొక్కులు, కొన్నింటికి కొనలో చీము. మా ఆవిడ చెమటకాయలు అంది. జనవరిలో చెమటకాయలేంటి? పైగా చేతులకీ కాళ్ళకీ ఒక్కటి లేదు, స్విమ్ సూట్ కప్పిన చోటే ఉన్నాయి. స్కిన్ డాక్టర్ గారు చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, పాప ఎక్కడైనా వేడినీళ్ళ టబ్బులో ఆడిందా అని. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అట, వెంట్రుకల కుదుళ్ళలోకి దూరి పొక్కులు తెప్పిస్తుంది, తడిసిన స్విమ్ సూట్ ఒంటికి అంటుకుని ఉన్నచోట ఎక్కువ వస్తుంది, చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది అన్నారు. మా పిల్లకి వారంలో తగ్గింది. పక్క బ్లాకులో ఇంకో ఇద్దరు పిల్లలకి కూడా వచ్చిందని తర్వాత తెలిసింది, వాళ్ళు దోమలు అనుకున్నారు.

డాక్టర్ దగ్గర్నుంచి నేరుగా క్లబ్‌హౌస్‌కే వెళ్ళాను, నా పాత టెస్ట్ కిట్ పట్టుకుని. నీళ్ళు చూస్తే అద్దం అండి, అడుగున పడిన హెయిర్ పిన్ను తళతళా కనిపిస్తోంది, వాసన లేదు, ఏమీ లేదు. సీసాలో నీళ్ళు పట్టి డీపీడీ బిళ్ళ వేశాను. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు రావాలి. ఊపాను, ఆగాను, మళ్ళీ ఊపాను. రంగు రాలేదు. ఇంకో బిళ్ళ వేశాను, బిళ్ళ పాతదేమో అనుకుని పక్కన ఉన్న పూల్ నీళ్ళల్లో కూడా వేసి చూశాను, అక్కడ చక్కగా గులాబీ వచ్చింది. టబ్బులో మాత్రం సున్నా.

కుర్రాడిని అడిగితే, శ్రీకాకుళం వైపు కుర్రాడు, "సెక్రెట్రీ గారు ఆపెయ్యమన్నారు సార్, నీల్లు బాగానే ఉన్నాయి కదా, వాసన కూడా రాట్లేదు, ఇంకేటి సెయ్యాలి" అన్నాడు. వాడి మాటలో తప్పు వెతకలేకపోయాను. ఇంతకు ముందైతే జిడ్డు గీత వచ్చేది, నురగ వచ్చేది, మసక వచ్చేది, ఎవరో ఒకరు చూసి గోల పెట్టేవాళ్ళు, కుర్రాడు భయపడి నాలుగు మూతలు హైపో ఎక్కువ పోసేవాడు. ఎంజైమ్ ఆ గీతని, ఆ నురగని శుభ్రంగా తీసేసింది, దాంతో పాటు మమ్మల్ని హెచ్చరించేవి కూడా పోయాయి.

అసలు ఎంజైమ్ అంటే ఏంటో తెలియడానికి ల్యాబ్ అక్కర్లేదండి. ముదురు మటన్ తెచ్చినప్పుడు మన ఇళ్ళల్లో పచ్చి బొప్పాయి ముక్క దంచి పట్టిస్తారు కదా, అందులో ఉండే పపైన్ ఒక ఎంజైమ్, మాంసంలో ప్రోటీన్‌ని ముక్కలు ముక్కలుగా కోస్తుంది, అందుకే మెత్తబడుతుంది. బట్టల సబ్బు పొడుల్లో కూడా ఇలాంటివే వేస్తారు. టబ్బు సీసాలో ముఖ్యమైనది లైపేజ్, అది నూనెలని, కొవ్వుని విడగొడుతుంది, కొన్నిట్లో ప్రోటీన్ కోసేవి, గంజి కోసేవి కూడా కలుపుతారు. ఇవి ప్రాణం ఉన్నవి కావు, బ్యాక్టీరియా కాదు, పురుగు కాదు, ఒక రకం ప్రోటీన్లు, అంతే. క్రిముల్ని చంపే పని వాటికి అప్పజెప్పలేం, బొప్పాయి పట్టించిన మటన్‌ని బయట వదిలేస్తే సాయంత్రానికి కుళ్ళిపోకుండా ఉంటుందా చెప్పండి?

మరి ఎందుకు వాడటం అంటే, ఉపయోగం ఉంది, అది కూడా న్యాయంగా చెప్పాలి. క్లోరిన్‌కి విచక్షణ ఉండదు, ముందు ఏది తగిలితే దాని మీద పడిపోతుంది. నీళ్ళల్లో కొబ్బరినూనె, క్రీము, చెమట, చర్మం పొట్టు నిండా ఉంటే పోసిన క్లోరిన్ సగానికి సగం వాటి మీదే ఖర్చైపోయి క్రిముల దగ్గరికి వచ్చేసరికి జేబు ఖాళీ. లైపేజ్ ఆ నూనెని చిన్న ముక్కలు చేసి పెడితే ఫిల్టర్ తొందరగా జిడ్డెక్కదు, అంచు గీత కట్టదు, క్లోరిన్ తన అసలు పనికి మిగులుతుంది. మా టబ్బుకి వారంలో పట్టే హైపో ఇప్పుడు కొంచెం తగ్గింది కూడా. అయితే ఆ నూనె కార్బన్ డయాక్సైడూ నీళ్ళూ అయిపోయి మొత్తం మాయమైపోతుందని డీలర్ చెప్పింది మాత్రం నమ్మకండి, లైపేజ్ కోసేది ఒక్క దెబ్బే, నూనె పోయి ఫ్యాటీ యాసిడ్లు, గ్లిజరిన్ మిగులుతాయి, వాటి సంగతి తర్వాత క్లోరినూ ఫిల్టరూ చూసుకోవాలి. ఇంకోటి, కొబ్బరినూనె మీద పని చేసినట్టు బేబీ ఆయిల్ మీద పని చెయ్యదు, వేజలీన్ మీద చెయ్యదు, కొన్ని సన్‌స్క్రీన్లలో ఉండే సిలికోన్ మీద చెయ్యదు, ఎందుకంటే లైపేజ్ కోసే అతుకు వాటిల్లో లేనే లేదు. చెమటలోనూ మూత్రంలోనూ ఉండే యూరియాని కూడా ఇది ముట్టుకోదు, ఆ యూరియా క్లోరిన్‌తో కలిస్తే కళ్ళు మండే క్లోరమిన్లు తయారవుతాయి. పూల్ దగ్గర ముక్కు పుటాలు అదిరే ఆ వాసనని మనం "క్లోరిన్ ఎక్కువైంది" అంటాం, నిజానికి చాలాసార్లు అది పనికొచ్చే క్లోరిన్ అయిపోయిందని అర్థం. పిల్లలకి టబ్బులో దిగేముందు సబ్బుతో స్నానం చేయిస్తే ఏ సీసా చెయ్యలేని పని అవుతుంది, కానీ ఈ మాట అసోసియేషన్ మీటింగులో అంటే నన్ను చూసి నవ్వారు.

పూల్ ఒక ఎత్తు, టబ్బు ఒక ఎత్తు అండి, ఇది చాలామందికి తట్టదు. 1500 లీటర్లలో నలుగురు కూర్చోవడం అంటే లక్షన్నర లీటర్ల పూల్‌లో 400 మంది దిగినట్టు లెక్క. పైగా నీళ్ళు 37, 38 డిగ్రీలు, ఎంత పెంచినా 40 దాటనివ్వకూడదు, ఆ వేడికి క్లోరిన్ నిలవదు, జెట్ల గాలికి ఇంకా తొందరగా ఎగిరిపోతుంది. అదే గాలి నీళ్ళల్లో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ని కూడా లేపేస్తుంది, దాంతో పీహెచ్ పైకి పాకుతుంది, 7.5 దగ్గర క్లోరిన్‌లో గట్టిగా చంపే భాగం సుమారు సగం ఉంటే 8 దగ్గరికి వచ్చేసరికి పావు వంతు కూడా మిగలదు. అందుకే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు హాట్ టబ్బుకి క్లోరిన్ కనీసం 3 పీపీఎం (అంటే లీటరుకి 3 మిల్లీగ్రాములు) ఉండాలి, క్లోరిన్ బదులు బ్రోమిన్ వాడితే 4 నుంచి 8, పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య అంటారు, అదే పూల్‌కి అయితే 1 పీపీఎం నుంచే మొదలు. మా టబ్బుకి 3 పీపీఎం అంటే నాలుగున్నర గ్రాముల క్లోరిన్, 10 శాతం ఉన్న హైపో అయితే 45 మిల్లీలీటర్లు, అదీ నీళ్ళు శుభ్రంగా ఉంటే. టీ గ్లాసుడు కూడా లేదు, దీనికి ఇంత భయమా. పూల్‌లో వేసే ట్రైక్లోర్ బిళ్ళలు మాత్రం టబ్బులో వద్దు, వాటితో పాటు వచ్చే సయన్యూరిక్ యాసిడ్ నీళ్ళల్లో పేరుకుపోయి క్లోరిన్ పనిని మందగింపజేస్తుంది, టబ్బుల్లో అది వాడొద్దనే సీడీసీ కూడా చెప్తోంది.

దురదతో పోయింది కాబట్టి సరిపోయింది. లీజనెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా ఉంది, 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల మహాసభకి వెళ్ళినవాళ్ళు వరసగా న్యుమోనియాతో పడిపోతే దాని సంగతి బయటపడింది. 25 నుంచి 45 డిగ్రీల మధ్య గోరువెచ్చటి నీళ్ళు దానికి అత్తారిల్లు. 1999లో నెదర్లాండ్స్‌లో ఒక పూల ఎగ్జిబిషన్‌లో అమ్మకానికి నమూనాగా పెట్టిన వర్ల్‌పూల్ టబ్బు ఆ తుంపర్లని గాల్లోకి చిమ్మితే, అందులో స్నానం చెయ్యక్కర్లేకుండా ఊరికే పక్కనుంచి నడిచి వెళ్ళినవాళ్ళకి కూడా జబ్బు వచ్చింది, 300 మందికి పైగా జబ్బుపడ్డారు, 30 మందికి పైగా చనిపోయారు. కూలింగ్ టవర్ల దగ్గర పని చేసినన్నాళ్ళూ మా ల్యాబ్‌లో ఈ పేరు వింటే అందరం సర్దుకుని కూర్చునేవాళ్ళం. మా క్లబ్‌హౌస్‌లో టబ్బు పక్కనే పెద్దవాళ్ళు పేక ఆడుకునే బల్లలు ఉన్నాయి.

ఇప్పుడు మేం ఏం చేశామో చెప్తాను, ఎవరికైనా పనికొస్తే పనికొస్తుంది. నీళ్ళు మొత్తం వదిలేశాం, అంతకు ముందు పైపుల్లో జిగురు పొర పోవడానికి క్లోరిన్ గట్టిగా పెట్టి జెట్లు తిప్పాం, ఆ జెట్లలోంచి టీ పొడిలాంటి నల్లటి రజను ఎంత వచ్చిందో చూసి సెక్రటరీ గారు అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. అద్దంలాంటి నీళ్ళ వెనక పైపులో ఉన్నది అదీ. ఫిల్టర్ కార్ట్రిడ్జ్ మార్చాం. బోరు నీళ్ళు కాకుండా కార్పొరేషన్ నీళ్ళు పట్టాం, మా బోరు కాఠిన్యం ఎక్కువ, హీటర్ కాయిల్‌కి తెల్లగా పెచ్చు కడుతుంది. ఎంజైమ్ వారానికి ఒకసారి, సీసా మీద రాసినంత మాత్రమే. షాక్ డోసు, అంటే ఒక్కసారే క్లోరిన్ బాగా ఎక్కువ, ఇచ్చిన రోజు మాత్రం పొయ్యం, అంత క్లోరిన్‌లో ఎంజైమ్ కూడా ప్రోటీనే కాబట్టి అదీ మాడిపోతుంది, డబ్బు దండగ. సీసాని పంపు రూంలో పెట్టకుండా ఆఫీసు అలమరాలోకి మార్పించాను, ఎండాకాలంలో ఆ రేకుల గది ఎలా మండిపోతుందో వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ వేడికి ఎంజైమ్ తొందరగా నీరుగారిపోతుంది.

టెస్టింగ్ గురించి ఒక మాట, ఇది ఎవరూ చెప్పరు. చాలాచోట్ల క్లోరోస్కోప్ అని పసుపు రంగు వచ్చే కిట్ వాడతారు, కుళాయి నీళ్ళకి అది చాలు. టబ్బుకి చాలదు, అది మొత్తం క్లోరిన్ చూపిస్తుంది, అంటే చచ్చిన క్లోరమిన్లని కూడా కలిపి పసుపు చేసి చూపిస్తుంది, మీరు బాగానే ఉంది అనుకుంటారు. డీపీడీ కిట్ కొనుక్కోండి, ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా పనికొచ్చే క్లోరిన్, విడిగా తెలుస్తుంది. స్ట్రిప్పులైనా పర్లేదు కానీ తడి చేత్తో డబ్బా తెరవద్దు.

నీళ్ళు ఎప్పుడు మార్చాలి అంటే అమెరికాలో పబ్లిక్ టబ్బులకి ఒక లెక్క వాడతారు, గాలన్లని 3తో భాగించి, రోజుకి దిగే మనుషుల సంఖ్యతో మళ్ళీ భాగించాలి. మా 1500 లీటర్లు దగ్గర దగ్గర 400 గాలన్లు, రోజుకి నలుగురు అయితే 33 రోజులు, పన్నెండు మంది అయితే 11 రోజులే. ఎంజైమ్ పోస్తే ఏడాది దాకా నీళ్ళు మార్చక్కర్లేదని కూడా ఆ డీలర్ అన్నాడు. వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడే కాలనీలు ఇదే ఊళ్ళో ఉండగా 1500 లీటర్లు వదిలెయ్యాలంటే నాకూ మనసొప్పదు, అందుకే రెండ్రోజులు మూత తీసి ఎండకి వదిలేసి, క్లోరిన్ సున్నా చూసుకుని మొక్కలకి పెడుతున్నాం. గన్నేరు మొక్కలు బాగానే తాగుతున్నాయి.

డీలర్‌కి ఫోన్ చేసి అడిగాను, సీసా మీద ఎక్కడా క్రిములు చస్తాయని లేదేమయ్యా, నువ్వెలా చెప్పావు అని. "అందరూ అడిగేది అదే సార్, క్లోరిన్ వద్దన్నది మీవాళ్ళే" అన్నాడు. అది కూడా నిజమే, ఏం అంటాం.

నేను కోరేది ఒక్కటే, టబ్బు ఉన్న ప్రతి క్లబ్‌హౌసు, రిసార్టు, జిమ్ము గోడ మీద ఒక పలక తగిలించి ఆ పూట చూసిన క్లోరిన్, పీహెచ్, టైము రాయాలి, దిగేవాళ్ళు చదువుకుని దిగుతారు. కార్పొరేషన్ వాళ్ళు ఇలాంటి రూలు పెడితే ఇంకా మంచిది, మీ పేపర్ తరఫున ఒకసారి అడగండి. మా దగ్గర పది రోజుల నుంచి రాస్తున్నాం. ఈ పొద్దున కుర్రాడు రాసింది, ఫ్రీ క్లోరిన్ 3.5, పీహెచ్ 7.4, టైము 6.10. దాని పక్కన ఎవరి పిల్లలో సుద్దతో ఒక చేప గీశారు, కుర్రాడు చెరపకుండా చేప చుట్టూ తిప్పి రాశాడు.

ఇట్లు,
మధురవాడ నుంచి ఒక రిటైర్డ్ వాటర్ కెమిస్ట్,
విశాఖపట్నం